గంట మోగేదాకా ఆగడమా, గుమ్మంలో కాపు కాయడమా?

(కోలారులో జరిగిన తెలుగువారి కూడికలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఈ కూడికకు నన్ను పిలిచిన పెద్దలు అడిగింది ఒక్కటే. "బెంగుళూరులో నువ్వు చేసే పని ఏమిటో మాకు తెలిసేటట్టు తెలుగులో చెప్పు" అన్నారు. మా అమ్మ కూడా ఇరవై ఏళ్లుగా ఇదే అడుగుతున్నది. "కంప్యూటరు పని" అంటూ తప్పించుకొంటూ వచ్చాను. ఇంతమంది ఎదుట ఆ ఎత్తు పారదు. అందుకని నా పనిలో ఒక చిన్న తునకను మాత్రమే తీసుకొని, దానిని అడుగుదాకా విప్పి చూపాలని వచ్చాను.

సెకనును పదిలక్షల ముక్కలు చేస్తే వచ్చే ఒక్కొక్క ముక్కను మైక్రోసెకను అంటారు. అటువంటి ముక్కలు పదో, ఇరవయ్యో, యాభయ్యో ఆదా చేయడానికి పడే పాటు ఇది. ఇంగ్లీషులో దీని పేరు బిజీ పోలింగ్. పోలింగ్ అనగానే మనకు ఓట్లు గుర్తుకు వస్తాయి కనుక ఆ మాటను పక్కన పెట్టి, నేను దీనిని కాపు కాయడం అంటాను. రాగిచేనికి రాత్రిపూట కాపు కాసిన ఇళ్లవాళ్లు ఈ సభలో చాలామందే వున్నారు. ఆ కాపే ఇది.

ముందు గని మాట చెప్పాలి. మా తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. మనుషులను, రాయిని పైకీ కిందికీ చేరవేసే బోనును నడిపే డ్రైవరు నేలమీద ఇంజనుగదిలో వుంటాడు. బోను ఎక్కడున్నదో, అందులో ఎవరు ఎక్కారో ఆయన కంటికి కనబడదు. లోపల బోను దగ్గర వున్న మనిషి గంట కొడతాడు. షాఫ్టు నోటి దగ్గర నిలబడ్డ మరొక మనిషి దానిని విని డ్రైవరుకు తిరిగి గంట కొడతాడు. ఎన్ని దెబ్బలకు ఏమి అర్థమో ముందుగా ఏర్పరచుకొన్న లెక్క వుండేది. ఆ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. ఒకే షాఫ్టులో అడుగుదాకా దిగడం కుదరదు. కొంత లోతు దిగి, లోపల నడిచి, మరో షాఫ్టులో మరో బోను ఎక్కాలి. అంచెకొక గంట, అంచెకొక డ్రైవరు అన్నమాట. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. ఆ గంటల లెక్క తెలిసినవారు ఇప్పుడు ముసలివారయ్యారు.

కంప్యూటరు లోపల కూడా సరిగ్గా ఇటువంటి ఏర్పాటే వున్నది. పేరు కూడా డ్రైవరే. నెట్‌వర్కు తీగ వచ్చి చేరే కార్డు ఒకటి వుంటుంది. ఆ కార్డుతో మాటలాడే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. యంత్రం మొత్తానికి పెత్తనం వహించే కెర్నెల్ లోపల ఆ డ్రైవరు కూర్చొని వుంటుంది. బయటి నుంచి సమాచారపు పొట్లం ఒకటి, అంటే ప్యాకెట్టు, రాగానే కార్డు ప్రాసెసరుకు గంట కొడుతుంది. ప్రాసెసరు చేతిలో వున్న పని ఆపి, డ్రైవరును పిలిచి, ఆ పొట్లాన్ని అందుకొంటుంది. ఈ గంటను ఇంగ్లీషులో ఇంటరప్ట్ అంటారు. తెలుగులో దీనిని "అంతరాయం" అని రాయడం చూశాను. ఆ మాట నాకు నచ్చలేదు. గనిలో గంట మోగితే అంతరాయం కలిగిందని ఎవరూ అనలేదు, గంట మోగింది అన్నారు. నేనూ గంట అనే అంటాను.

గంట మంచి ఏర్పాటే. మోగేదాకా ప్రాసెసరు వేరే పని చేసుకోవచ్చు, పని లేకపోతే కునుకు తీయవచ్చు. అయితే ఇందులో రెండు చిక్కులు వున్నాయి. పొట్లాలు మరీ ఎక్కువగా వచ్చిపడితే ప్రాసెసరుకు గంటలు వినడంతోనే సరిపోతుంది. పొట్లం విప్పి చూసే తీరిక వుండదు. యంత్రం బతికే వుంటుంది కానీ ఒక్క పనీ ముందుకు సాగదు. ఈ జబ్బును గురించి 1996లో జెఫ్రీ మొగల్, కె.కె. రామకృష్ణన్ ఒక పత్రం రాశారు. మొదటి గంట వినగానే మిగతా గంటలను మూసివేసి, వచ్చిన పొట్లాలను వరుసగా చూసి, వరుస ఖాళీ అయిన తరువాత మళ్లీ గంట తెరవడం వారు చూపిన దారి. లినక్స్ కెర్నెల్‌లో ఇదే దారిలో నాపి అనే పద్ధతి వచ్చింది. అందులో డ్రైవరు ఒక విడతకు మామూలుగా 64 పొట్లాల వరకు చూసి, తరువాత వేరేవారికి వంతు ఇస్తుంది. ఇది పొట్లాలు ఎక్కువైనప్పుడు పుట్టే చిక్కుకు మందు.

ఈనాటి నా మాటంతా రెండో చిక్కును గురించి. పొట్లాలు తక్కువే, కానీ వచ్చిన ప్రతి పొట్లమూ వెంటనే కావాలి. అప్పుడేమి చేయాలి?

మన జిల్లా రైతుకు ఇది బాగా తెలిసిన సంగతి. బోరుబావి మోటారుకు త్రీఫేజు కరెంటు రాత్రి ఏ వేళకు వస్తుందో తెలియదు. ఒక రైతు ఇంట్లో బల్బు స్విచ్చి వేసి పడుకొంటాడు. బల్బు వెలిగితే మెలకువ వస్తుంది. లేచి, చెప్పులు వెతుక్కొని, టార్చి పట్టుకొని, చేని దాకా నడిచి మోటారు వేస్తాడు. ఇంకో రైతు మోటారుగది గడపమీదే కూర్చొని చూస్తూ వుంటాడు. కరెంటు వచ్చిన చిటికెలో మోటారు తిరుగుతుంది. ఇద్దరికీ కరెంటు వచ్చింది ఒకే వేళకు. తేడా అంతా లేవడంలోనూ నడవడంలోనూ వున్నది. ఆటోస్టార్టరు పెట్టుకోరాదా అని ఈ ముందువరుసలో ఎవరో అంటున్నారు. పెట్టుకోవచ్చును. కంప్యూటరులో అటువంటిదేదో వున్నదా అనేది మంచి ప్రశ్న. చివరలో దానికి వస్తాను.

ప్రాసెసరు కునుకులో కూడా మెట్లు వున్నాయి. తేలిక కునుకు నుంచి లేవడానికి ఒకటి రెండు మైక్రోసెకన్లు చాలు. గాఢనిద్ర నుంచి లేవాలంటే కొన్ని సర్వరు ప్రాసెసర్లకు 100 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. పొట్లం కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రామును నిద్ర లేపి, దాని వంతు రప్పించి కూర్చోబెట్టడానికి ఇంకొంత. పొట్లం తీగమీద ప్రయాణం చేసిన కాలంకంటె, గుమ్మంలోకి వచ్చి తలుపు తీయించుకోవడానికి పట్టే కాలమే ఎక్కువైపోతుంది. ఈ కాలాన్నే జాప్యం అంటున్నాను.

ఒక యంత్రం ఒకరిదే అయితే జాప్యం ఇంతటితో ఆగును. ఈనాడు అలా లేదు. ఒక పెద్ద యంత్రాన్ని వాటాలుగా చేసి అద్దెకు ఇస్తున్నారు. ప్రతి వాటా తానే ఒక పూర్తి కంప్యూటరు అనుకొంటుంది. దానికి తన కెర్నెల్, తన డ్రైవరు వుంటాయి. ఇంగ్లీషులో వర్చువల్ మెషీన్ అంటారు. నేను వాటాయంత్రం అంటాను. లినక్స్‌లో ఈ వాటాల ఏర్పాటు, అంటే కేవీఎం, 2007లో కెర్నెల్‌లో చేరింది. వాటాయంత్రానికి నిజమైన కార్డు కనబడదు. దానికి వర్టయో అనే ఉమ్మడి పలక ఒకటి ఇస్తారు. ఇంటియజమాని తరఫున వీహోస్ట్ అనే పనివాడు పొట్లాన్ని తెచ్చి ఆ పలకమీద పెట్టి, వాటాకు గంట కొడతాడు. వాటా బయటికి పంపాలన్నా అంతే. పలకమీద పెట్టి, పనివాడికి గంట కొట్టాలి. ఆ గంట కొట్టడానికి వాటాయంత్రం ఒక్కక్షణం ఆగిపోయి, పెత్తనం ఇంటియజమాని చేతికి పోయి, తిరిగి రావాలి.

ఇప్పుడు మా తాత గనిని గుర్తు చేసుకోండి. కార్డు ఇంటియజమానికి గంట కొడుతుంది. యజమాని కెర్నెల్ లేచి పనివాడిని లేపుతుంది. పనివాడు వాటాకు గంట కొడతాడు. వాటా లేచి తనలోని ప్రోగ్రామును లేపుతుంది. లోతుగని మాదిరిగా అంచెకొక గంట, అంచెకొక మేలుకొలుపు. వాటాలలో నెట్‌వర్కు నెమ్మదిగా వున్నదని చెప్పుకొనేవారి బాధ చాలావరకు ఇక్కడ పుడుతుంది.

కాపు కాయడం అంటే ఈ గంటలకోసం ఆగకపోవడం. పొట్లం కావలసిన ప్రోగ్రామే నిద్రకు పోకుండా, కెర్నెల్ లోపలికి వెళ్లి, డ్రైవరు దగ్గరి వరుసను తానే మళ్లీ మళ్లీ చూస్తుంది. "వచ్చిందా? వచ్చిందా?" అని. రాగానే చేత్తో అందుకొంటుంది. గంట లేదు, మేలుకొలుపు లేదు, వంతు మార్పిడి లేదు. 2013లో ఇంటెల్‌కు చెందిన ఎలియజర్ తమీర్ చేసిన పని ద్వారా ఇది 3.11 కెర్నెల్‌లో చేరింది. బిజీ రీడ్, బిజీ పోల్ అని రెండు మీటలు ఇచ్చారు. మామూలుగా రెండూ సున్నామీద వుంటాయి, అంటే కాపు లేదు. కొద్ది సాకెట్లకు 50 మైక్రోసెకన్లు, వందల సాకెట్లున్నచోట 100 పెట్టవచ్చునని కెర్నెల్‌తో వచ్చే పత్రంలోనే రాశారు. ఆ గడువు లోపల పొట్లం రాకపోతే మామూలుగా నిద్రకు పోయి గంటకోసం ఆగాలి. ఈ గడువు వుండడమే దీనిలోని తెలివి.

2014లో జేసన్ వాంగ్ ఈ కాపును వాటాయంత్రపు వర్టయో డ్రైవరుకు తెచ్చారు. 2016లో 4.6 కెర్నెల్‌లో ఆయనే అవతలివైపు, అంటే ఇంటియజమాని పనివాడైన వీహోస్ట్‌కూ కాపు నేర్పారు. ఇది ముఖ్యమైన మెట్టు. పనివాడు పలకవైపే చూస్తూ వుంటే, వాటా గంట కొట్టవలసిన అవసరమే లేదు. వాటా చూస్తూ వుంటే పనివాడు గంట కొట్టనక్కరలేదు. ఎదురుగా వున్న మనిషి మొహం చూస్తూ మాటలాడుతున్నప్పుడు ఎవరూ తలుపు తట్టరు గదా! మొదట్లో కాపుకోసం ప్రతి డ్రైవరులోనూ విడిగా రాసుకోవలసి వచ్చేది. 2017 నాటికి ఆ పని కెర్నెల్ ఉమ్మడి భాగానికి చేరింది. అదే ఏడాది 4.12 కెర్నెల్‌లో, వేల సాకెట్లను ఒక్కచోటి నుంచి చూసుకొనే ఈపోల్‌కు కూడా కాపు వచ్చింది. ఆ మార్పు రాసినవారి పేరు శ్రీధర్ సముద్రాల. కెర్నెల్ పద్దులో ఆ ఇంటిపేరు చూసి నేను కొంచెం పొంగిన మాట నిజం.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

చాలాకాలం కిందట బెంగుళూరులో ఒక సంస్థలో వుండగా, వాటాయంత్రాల నడుమ జాప్యం తగ్గించే పని నాకు అప్పగించారు. ఒక పెద్ద యంత్రంమీద ఒకే ఒక్క వాటాను పెట్టి, కాపు మీటను బాగా పెంచి కొలిచాను. జాప్యం ఎంతో తగ్గింది. కొలతల పటం గీసి అందరికీ చూపాను, మెచ్చుకొన్నారు. ఆ వారమే అన్ని వాటాలలోనూ అదే మీట వేయించాను. రెండోరోజుకే ఫిర్యాదులు మొదలయ్యాయి. తగ్గవలసిన జాప్యం పెరిగింది. అదీ అందరికీ ఒకేమాదిరిగా పెరగలేదు. నూరు పొట్లాలలో తొంభైకి పైగా తొందరగానే వస్తున్నవి, మిగిలిన కొన్ని మాత్రం ఎక్కడో చిక్కుకొని చాలా ఆలస్యంగా వస్తున్నవి. సగటు చూస్తే ఇది కనబడదు. నేను సగటు మాత్రమే చూస్తున్నాను.

రెండు రాత్రులు కూర్చొన్న తరువాత తెలిసింది. అక్కడి యంత్రాలలో ప్రాసెసర్లకంటె వాటాలు ఎక్కువ. ఒకే ప్రాసెసరును వంతులవారీగా పలువురు వాడుకోవాలి. కాపు కాస్తున్న వాటా బయటి నుంచి చూసేవారికి కష్టపడి పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. అది ఖాళీగా "వచ్చిందా, వచ్చిందా" అంటున్నదని ఇంటియజమానికి తెలియదు. అందుకని దానికి నిండుగా వంతు ఇస్తాడు. పొట్లం తెచ్చి ఇవ్వవలసిన వీహోస్ట్ పనివాడు అదే ప్రాసెసరుమీద వంతుకోసం వెనక నిలబడి వుంటాడు. అంటే, టపా ఎప్పుడొస్తుందా అని గుమ్మానికి అడ్డంగా నిలబడి, టపామనిషినే లోపలికి రానివ్వనట్టయింది నా ఘనకార్యం. పక్కవాటాలవారికి జరిగింది ఇంకా అన్యాయం. వారు నెట్‌వర్కు తొందర కోరినవారు కారు. లెక్కలు చేసుకొనేవారు, పుటలు అచ్చుకు సిద్ధం చేసుకొనేవారు. వారి కాలాన్ని నా వాటాలు తినివేశాయి. లినక్స్‌లో దీనికి ఒక లెక్క వున్నది, వాటా లోపలి నుంచే చూడవచ్చు. తనకు పని వుండి కూడా వంతు దొరకక పోయిన కాలాన్ని స్టీల్ అనే పేరుతో చూపుతుంది. దొంగిలించబడిన కాలం అని అర్థం. అంత నిక్కచ్చి పేరు కంప్యూటరు రంగంలో నేను మరొకటి చూడలేదు.

మీటలన్నీ సున్నాకు తెచ్చాను. తరువాత నెమ్మదిగా, అవసరమైన కొద్ది వాటాలకు మాత్రం విడిగా ప్రాసెసర్లు కేటాయించి, వీహోస్ట్ పనివాడికి వేరే ప్రాసెసరు ఇచ్చి, గడువును 50 దగ్గర పెట్టి, తిరిగి కొలిచాను. అప్పుడు కుదిరింది. వీహోస్ట్ కాపులో మర్యాద ఒకటి మొదటి నుంచీ వున్నది. వేరే ఎవరైనా ప్రాసెసరుకోసం ఆగి వుంటే అది కాపు మాని పక్కకు తప్పుకొంటుంది. వాటా లోపలి కాపుకు ఈ మర్యాద సగమే తెలుసు. తన వాటాలోనివారిని చూస్తుంది కానీ గోడ అవతలి వాటాను చూడలేదు. చూడలేదు కనుకనే ఆ బాధ్యత మీట వేసే మనిషిమీద పడుతుంది.

ముందువరుసలోని ఆటోస్టార్టరు ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. కొంతవరకు అటువంటిది వున్నది. వాటాకు పని లేక పడుకోబోతే, ఇంటియజమాని దానిని వెంటనే దించివేయకుండా కొద్దిసేపు ఆగి చూడడం 2015లో కేవీఎంలో మొదలైంది. తరువాత ఆ కొద్దిసేపు ఎంత అనేది కూడా దానంతటదే మారేటట్టు చేశారు. 10 మైక్రోసెకన్లతో మొదలై, ఆగినందుకు ఫలితం దొరుకుతూ వుంటే రెట్టింపు అవుతూ పోతుంది, ఇంటెల్ తరహా యంత్రాలలో మామూలుగా 200 దాకా. ఫలితం లేకపోతే తగ్గిపోతుంది. కరెంటు ఈ వారం రాత్రి పదకొండుకు వస్తున్నదని పసిగట్టి, పదకొండుకు ముందు మాత్రమే గడపమీద కూర్చొనే రైతు తెలివి ఇది.

ఇంతకూ ఈ తొందర ఎవరికి కావాలి? కోలారు చిన్నవాడు ఫోనులో సినిమా చూడడానికి అవసరం లేదు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బంగారుగనుల ఊరు నుంచి బెంగుళూరుకు సుమారు 100 కిలోమీటర్లు అనుకొంటే, పోయిరావడానికే 1,000 మైక్రోసెకన్లు. దానిలో 20 తగ్గించి ఏమి లాభం? అయితే మీరు ఒక్కసారి మీట నొక్కితే, బెంగుళూరులోని యంత్రాల నడుమ లోలోపల పదులుగా, వందలుగా ప్రశ్నలూ జవాబులూ నడుస్తాయి. ఒకదాని జవాబు వచ్చాక కానీ తరువాతి ప్రశ్న కదలదు. అక్కడ ఒక్కొక్కదానికి 20 చొప్పున తగ్గితే అది మీ కంటికి కనబడే తేడా అవుతుంది. దానిని అడిగేవారిలో షేరు బజారువారు ముందుంటారు. బాంకులు, ఉమ్మడి నిల్వయంత్రాలు నడిపేవారు తరువాత.

గంట పద్ధతి పాతబడిందని మాత్రం అనుకోకండి. మన గనిలోనే దానికి గొప్ప ఉదాహరణ వున్నది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాలవారితో కలిసి, 2 కిలోమీటర్లకు పైగా లోతున న్యూట్రినోలు అనే కణాలకోసం వల పన్నారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మొదటిసారి పట్టినవారిలో వారు వున్నారు. నెలల తరబడి ఆగితే కొన్ని మాత్రమే దొరికే కణాలు అవి. కణం తగిలిందని ఒక పరికరం గంట కొట్టినప్పుడే నియాన్ గొట్టాలు వెలిగి, ఫొటో పడేది. అంత అరుదైన చుట్టంకోసం రాత్రింబవళ్లు ఫొటోలు తీస్తూ కూర్చొంటే ఫిలిమంతా వృథా. అరుదుగా వచ్చేదానికి గంట, అదేపనిగా వచ్చేదానికి కాపు. ఎటువైపు ఎంత అనేది లెక్కవేసి తేల్చవలసిన సంగతి.

కాపుకు ఇంకో ధర కరెంటు. కాపు కాసే ప్రాసెసరు నిద్రపోదు, చల్లబడదు. 1902లో శివనసముద్రం నుంచి 140 కిలోమీటర్లకు పైగా తీగలు లాగి మన గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధిదీపాలకు అది 1905లో గానీ అందలేదు. అటువంటి ఊరివాడిని కనుక, ఖాళీగా తిరిగే యంత్రాన్ని చూస్తే నాకు మనసు ఒప్పదు. ఈ విషయంలో 2025 జనవరిలో వచ్చిన 6.13 కెర్నెల్ ఒక మేలు చేసింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ కార్‌స్టెన్, ఆయనతో కలిసి జో డమాటో చేసిన మార్పు అది. ప్రోగ్రాముకు చేతినిండా పని వున్నంతసేపు గంటలను మూసివేసి కాపుమీదే నడుస్తుంది. పని తెరిపి ఇవ్వగానే గంటలను తిరిగి తెరిచి పడుకొంటుంది. డేటా కేంద్రాలలో కొన్ని పనులకు కరెంటు 30 శాతం వరకు మిగలవచ్చునని ఆ విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఏర్పాటంతా సుమారు 30 వరుసల రాత అట.

ఇంజనీరింగు చదివే పిల్లలు ఈ సభలో వున్నారు. మీ సొంత ల్యాప్‌టాప్‌లోనే లినక్స్, కేవీఎం వేసుకొని ఇదంతా చేసి చూడవచ్చు. రెండు వాటాయంత్రాలు పెట్టండి. ఒకదాని నుంచి మరొకదానికి చిన్న పొట్లాలు పంపుతూ, కాపు మీట సున్నామీద వున్నప్పుడు ఒకసారి, 50మీద వున్నప్పుడు ఒకసారి కొలవండి. సగటు ఒక్కటే కాదు, నూటిలో అన్నిటికంటె ఆలస్యమైన ఒక్కదానిని కూడా రాసిపెట్టుకోండి. తరువాత మూడో వాటాలో ఏదైనా బరువైన పని నడిపించి, మళ్లీ కొలిచి, ఆ మూడోదానిలో దొంగకాలం ఎంతో చూడండి. నేను ఆనాడు చేయని కొలత అదే.

ఇప్పుడు అడగండి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా, మా గనిపేటల అరవంలో అడిగినా నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను. మరికుప్పం బండికి ఇంకా గంటసేపు వున్నది.